ముందు అలసిపోయేది ఏ భాగం?

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు రకాల వస్తువులు పెట్టాను. ఒకటి ఏడేళ్ల నాటి ల్యాప్‌టాప్. రెండోది ముందు జాలీ తీసేసిన స్పీకర్ల జత. ఇక పనికిరావని యజమానులు పక్కన పెట్టేసినవే రెండూ. ఇప్పుడు ల్యాప్‌టాప్, ఒకవైపు స్పీకర్ నిక్షేపంగా పనిచేస్తున్నాయి, రెండో స్పీకర్ సంగతి చివర్లో చెబుతాను. వాటి సంగతి చెబుతూ మిగతా విషయాల్లోకి వెళ్తాను.

తెలిసినవాళ్ల కంప్యూటర్లు, ఆడియో సెట్లు విప్పి బిగించడం నాకు ఎన్నో ఏళ్లుగా అలవాటు. అలా విప్పగా విప్పగా నాకు అర్థమైంది ఒక్కటే. యంత్రం మొత్తం ఒకేసారి పాతబడదు. లోపల ఏదో ఒక భాగం ముందుగా అలసిపోతుంది. ఫ్యాను కావచ్చు, బ్యాటరీ కావచ్చు, స్పీకర్ అంచున ఉండే ఫోమ్ కావచ్చు. ఆ ఒక్కదాని కోసం మనం బాగున్నదంతా పారేస్తున్నాం. అందుకే ఏది కొనాలన్నా ముందు ఈ ప్రశ్న వేసుకుంటాను: దీనిలో మొదట పోయేది ఏది? పోతే దాన్ని మార్చడానికి వీలుందా?

ముందు ల్యాప్‌టాప్ సంగతి. దీన్ని ఒక టీచరుగారు తెచ్చారు. "దీని పనైపోయిందండీ. పావుగంట వాడేసరికి ఒళ్లో పెట్టుకోలేనంత వేడెక్కిపోతోంది, ఆ తర్వాత అన్నీ నత్తనడకే. కొత్తది ఏది కొనాలో చెప్పండి చాలు" అన్నారు. ఒక్కరోజు నా దగ్గర ఉంచమన్నాను.

అడుగు మూతకు పది స్క్రూలున్నాయి. వాటిలో రెండు మిగతావాటి కంటే పొడవు. ఇలాంటివి తీసేటప్పుడు ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి, ఆ బొమ్మ మీదే పెట్టుకోండి. పొడవు స్క్రూని పొట్టి దాని చోట బిగిస్తే పైన ప్లాస్టిక్‌ను చీల్చుకుని వస్తుంది. మూత తీశాక పైపైన చూస్తే ఫ్యాను శుభ్రంగానే ఉంది. ఫ్యాను పైరేకు కూడా తీశాక బయటపడింది అసలు సంగతి. ఫ్యానుకూ, వేడిని బయటికి పంపే సన్నటి రాగి రెక్కలకూ మధ్య బూడిదరంగు దుమ్ము దట్టంగా పేరుకుని ఉంది. పట్టకారుతో అంచు పట్టుకుని లాగితే చిన్న కంబళి ముక్కలా మొత్తం ఒక్కసారే ఊడి వచ్చింది. ఫ్యాను పాపం తిరుగుతూనే ఉంది, గాలి వెళ్లడానికే దారి లేదు.

ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడం ఎరిగినదే. చాలావాటిలో వేడి 95, 100 డిగ్రీల దగ్గరికి రాగానే వేగం తగ్గించేసుకుంటుంది. మనకు "స్లో అయిపోయింది" అనిపించేది అదే. దుమ్ము తీసి, ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే దాన్ని తుడిచి కొత్తది ఒక చిన్న బొట్టు పెట్టి మూత బిగించాను. అంతకుముందు 97 డిగ్రీలు చూపించిన పనికే ఆ తర్వాత 74 చూపించింది. టీచరుగారు ఇంకో మూడేళ్లు దాంతోనే పాఠాలు చెప్పారు. ఆ తర్వాతే కొత్తది కొనుక్కుని దీన్ని నాకు ఇచ్చేశారు.

విప్పే ధైర్యం ఉన్నవాళ్లు రెండేళ్లకోసారి ఈ పని చేసుకోవచ్చు. మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. డబ్బాలో వచ్చే గాలి కొట్టేటప్పుడు డబ్బాను నిటారుగా పట్టుకోండి, వంచితే ద్రవం బయటికి చిమ్ముతుంది. ఫ్యాను రెక్కను వేలితో ఆపి ఉంచండి. గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. వ్యాక్యూమ్ క్లీనర్ మాత్రం లోపల పెట్టకండి, స్టాటిక్ కరెంటుతో చిప్పులకు ప్రమాదం. విప్పే ధైర్యం లేకపోతే సర్వీస్‌కు ఇచ్చి "లోపల దుమ్ము తీసి పేస్ట్ మార్చండి" అని స్పష్టంగా అడగండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. గాలి పీల్చుకునే రంధ్రాలు చాలావాటికి అడుగునే ఉంటాయి.

డెస్క్‌టాప్ వాడేవాళ్లకు వేడి ఇంకోచోట దెబ్బ కొడుతుంది. కరెంటు సరఫరా చేసే డబ్బా, అంటే ఎస్‌ఎమ్‌పీఎస్ లోపల, మదర్‌బోర్డు మీద కరెంటును కాసేపు దాచి సమంగా అందించే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లుంటాయి. వాటి లోపలి ద్రవం వేడికి మెల్లమెల్లగా ఆవిరైపోతుంది. ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుంది. 2000 ప్రాంతంలో తయారైన ఎన్నో కంపెనీల బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు పైకప్పు ఉబ్బి, పగిలి పోయాయి. ఆ రోజుల బోర్డులు చూసినవాళ్లకు ఆ ఉబ్బిన తలలు గుర్తుండే ఉంటాయి. కేబినెట్ కొనేటప్పుడు అందరూ రంగుల లైట్లకు, గ్రాఫిక్స్ కార్డుకు ఖర్చుపెట్టి ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగిస్తారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. అన్ని భాగాలకూ కరెంటు అందించేది అదొక్కటే, అది పోతూ పోతూ పక్కవాటినీ తీసుకుపోగలదు. దానిమీద ఉండే 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది. లోపలి సరుకు గట్టిదా కాదా అన్నది వేరే సంగతి. వారంటీ ఎన్నేళ్లు ఇస్తున్నారో చూడండి. ఏడేళ్లు, పదేళ్లు ఇస్తున్నారంటే తయారుచేసినవాళ్లకు దానిమీద నమ్మకం ఉన్నట్టే.

యూపీఎస్ గురించి ఒక్కమాట. 600 వీఏ అని పెద్ద అక్షరాలతోనూ, 360 వాట్లు అని చిన్న అక్షరాలతోనూ ఉంటుంది. మనం చూడాల్సింది వాట్లు. లోపలి లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లలో అలసిపోతుంది. చాలావరకు అదొక్కటే మార్చుకుంటే సరిపోతుంది.

ల్యాప్‌టాప్ బ్యాటరీకి రెండు శత్రువులు, వేడి ఒకటి, ఎప్పుడూ నూటికి నూరు నిండి ఉండటం రెండోది. రోజంతా చార్జర్ పెట్టి వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉందేమో చూడండి, ఈమధ్య చాలావాటిలో ఇస్తున్నారు. నెలల తరబడి పక్కన పెట్టాల్సి వస్తే సగం చార్జ్‌తో ఉంచండి. ఇంకొకటి జాగ్రత్తగా వినండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుగా, నొక్కితే గట్టిగా అనిపిస్తే, లేదా అడుగు మూత బల్ల మీద సమంగా కూర్చోకపోతే, బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. వెంటనే ఆపేయండి, చార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. ఇందులో మాత్రం సొంత వైద్యం వద్దు, తెలిసినవాళ్లకు అప్పగించండి.

ఇక కొనడం. ప్రాసెసర్ పేరు దగ్గరే అందరం ఆగిపోతాం. నేనైతే ముందు అడిగేది ర్యామ్ గురించి, అంటే పని జరుగుతున్నప్పుడు కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక మెమరీ గురించి. బోర్డుకు అతికించేశారా, స్లాటులో ఉందా? అతికించేస్తే ఈరోజు కొన్నదే చివరిదాకా. అలాంటప్పుడు 8 జీబీతో సర్దుకోకండి, 16 తీసుకోండి. ఫైళ్లు దాచుకునే, తిరిగే భాగాలు లేని డ్రైవ్ అయిన ఎస్‌ఎస్‌డీ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో తర్వాత మార్చుకోవచ్చు కాబట్టి అక్కడ కొంచెం తగ్గినా పర్వాలేదు. ఇంకా హార్డ్ డిస్క్ మీదే నడుస్తున్న పాత కంప్యూటర్ ఉంటే, కొత్తది కొనేముందు మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి వేసి చూడండి. సాటా అన్నది పాత రకం కనెక్షన్, అది సెకనుకు దాదాపు 550 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. కొత్త రకం కనెక్షన్ అయిన ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీలు 3500, 7000 దాకా, కొన్ని అంతకంటే పైకీ వెళ్తాయి. కానీ రోజువారీ పనిలో హార్డ్ డిస్క్ నుంచి సాటాకు మారినప్పుడు కనిపించే తేడా, సాటా నుంచి ఎన్‌వీఎమ్‌ఈకి మారితే కనిపించదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి. అంతకంటే పాతది చవగ్గా వస్తే లినక్స్ వేసుకునే ఉద్దేశం ఉంటేనే తీసుకోండి.

యూఎస్‌బీ సీ కేబుళ్లు చాలామందిని తికమక పెడతాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒకటి సెకనుకు 480 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది, ఇంకొకటి 40 గిగాబిట్లు పంపుతుంది. చార్జింగ్‌లోనూ అంతే, కొన్ని 60 వాట్లకు, కొన్ని 240 వాట్లకు. మీ దగ్గరున్న మంచి కేబుల్‌కు ఒక చిన్న కాగితం చుట్టి దానిమీద ఎంతదో రాసి పెట్టుకోండి.

పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు మరీ చవగ్గా దొరికితే అనుమానించండి. 32 జీబీ చిప్పు పెట్టి 1 టీబీ అని చూపించేలా మోసం చేసినవి ఉంటాయి. కాపీ అయినట్టే కనిపిస్తుంది, తర్వాత తెరిస్తే ఫైళ్లు ఖాళీ. కొన్న వెంటనే పూర్తిగా నింపి, తిరిగి చదివి చూసే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఒక రాత్రి దాన్ని నడవనివ్వండి. అన్నట్టు, 1 టీబీ డ్రైవ్ 931 అని చూపిస్తే కంగారుపడకండి. తయారీదారు వేయితో లెక్కపెడతాడు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. అది మోసం కాదు.

ఒక స్నేహితుడి హార్డ్ డిస్క్ టక్ టక్‌మని చప్పుడు చేస్తూ నా దగ్గరికి వచ్చింది. వారం నుంచి ఆ చప్పుడు వస్తోందట. అందులో వాళ్ల అమ్మగారి ఫోటోలు మొత్తం ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అప్పటికే ఆవిడ లేరు. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. డిస్క్ చప్పుడు చేసిన మొదటిరోజే ఆపేసి ఉంటే డేటా రికవరీ నిపుణులకు ఏదో ఒక అవకాశం మిగిలేది. ఎస్‌ఎస్‌డీ అయితే ఆ చప్పుడైనా చేయదు, చెప్పకుండా పోతుంది. కాబట్టి ముఖ్యమైనవి మూడు చోట్ల ఉండాలి. అందులో రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట. ఇది చేయనివాళ్లు ఈ ఆదివారం కూర్చుని చేయండి. నా మాట విని ఇక్కడి నుంచి ఇంకేమీ తీసుకెళ్లకపోయినా ఇదొక్కటి తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆడియో. పీఎమ్‌పీఓ అని వేలల్లో వాట్లు రాసి ఉంటే ఆ అంకెకు అర్థం లేదు, నిలకడగా ఇవ్వగల వాట్లు చెప్పే ఆర్‌ఎమ్‌ఎస్ ఎంతో చూడండి. అది కూడా మరీ పట్టించుకోనక్కర్లేదు. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే చెవికి కాస్త తేడా తెలుస్తుంది, అంతే. చెవికి రెండింతలు పెద్దగా వినిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. అందుకే 50 వాట్లదా 100 వాట్లదా అని తల బద్దలు కొట్టుకోవడం కంటే స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటుకు ఎంత గట్టిగా మోగుతుందో, ఎన్ని డెసిబెల్సో చూడటం మేలు.

పైసా ఖర్చు లేకుండా మీ స్పీకర్లు బాగా వినిపించే మార్గం ఒకటుంది. వాటిని మూలల్లోంచి బయటికి తీయండి. మూలలో ఉంటే గోడలు బేస్‌ను పెంచేసి, మాటలు మబ్బుగా వినిపిస్తాయి. రెండు స్పీకర్లు, మీ తల కలిపి సమబాహు త్రిభుజంలా ఉండాలి. పైన చిన్నగా ఉండే ట్వీటర్ మీ చెవి ఎత్తుకు రావాలి. బల్ల మీద పెట్టుకునే చిన్న స్పీకర్లయితే కింద ఏదైనా పెట్టి కొంచెం పైకి వంచండి. గది ఖాళీగా ఉండి చప్పట్లు కొడితే మోగుతుంటే, మందపాటి కర్టెన్, తివాచీ, పుస్తకాల బీరువా చేసే మేలు ఖరీదైన కేబుళ్లు చేయవు. స్పీకర్ తీగ అవసరానికి తగిన మందంతో రాగిది అయితే చాలు.

ఆన్‌లైన్ మీటింగ్‌లో బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకోగానే సౌండ్ ఒక్కసారిగా పాత ఫోనులా మారిపోతుందని చాలామంది అడుగుతారు. హెడ్‌ఫోన్ పాడవలేదు. మైకు కూడా దానిదే వాడటంతో బ్లూటూత్ పాటల పద్ధతి నుంచి ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతుంది. సెట్టింగ్స్‌లో మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకోండి, సౌండ్ మళ్లీ మామూలైపోతుంది. ఇయర్‌బడ్ ఒకవైపు తక్కువగా వినిపిస్తే బ్యాలెన్స్ చూసేముందు జాలీ చూడండి, గుమిలి అడ్డుపడి ఉంటుంది. పొడి మెత్తటి బ్రష్‌తో జాలీని కిందికి వంచి దులపండి. చెవుల సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి. స్పీకర్ ఫోమ్ మార్చుకోవచ్చు గానీ, పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక ఈ స్పీకర్ల దగ్గరికి వస్తాను. పేపర్ కోన్ చుట్టూ నల్లటి మెత్తటి అంచు కనిపిస్తోంది కదా, అది ఫోమ్. వాడినా వాడకపోయినా పది, ఇరవై ఏళ్లకు గాలిలోని తేమకు చివికిపోతుంది. ఇవి నా దగ్గరికి వచ్చినప్పుడు వేలు తగిలితే చాలు నల్లటి పొడి రాలేది. బేస్ పెంచితే గరగరమనేది. "స్పీకర్ కాలిపోయింది" అనుకున్నారు యజమాని. కోన్‌ను కదిలించే తీగచుట్ట, అంటే కాయిల్‌కు మల్టీమీటర్ పెట్టి చూస్తే బంగారంలా ఉంది. సరిపోయే కొలత ఫోమ్ రింగు తెప్పించి, పాత జిగురు ఓపికగా గీకి, ముందు కోన్‌కు అతికించి, ఆరాక ఫ్రేముకు అతికించాను. ఆ జిగురు ఆరేలోపు కోన్‌ను రెండువైపులా వేళ్లతో సమంగా, సుతారంగా నొక్కి వదులుతూ చెవి దగ్గర పెట్టి వినాలి. గీసుకుంటున్న చప్పుడు వస్తే కాయిల్ మధ్యలో లేదన్నమాట, వెంటనే జరపాలి. ఒక మధ్యాహ్నం పట్టింది.

కుడివైపుది మాత్రమే బాగుచేశాను. ఎడమవైపుది కావాలనే అలాగే వదిలేశాను. ఇప్పుడు ఒకే పాట ముందు ఎడమదానిలో, తర్వాత కుడిదానిలో వేస్తాను. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు రండి, తేడా అంతా బేస్‌లోనే ఉంది.