గాలివాటం పరుగు రికార్డు కాదు: 100 మీటర్ల హర్డిల్స్‌లో అంకెలు ఎప్పుడు చెల్లుతాయి?

స్క్రీన్ మీద పక్కపక్కనే రెండు అంకెలున్నాయి అనుకోండి. ఎడమవైపు 13.09 సెకన్లు. కుడివైపు కూడా 13.09. పరిగెత్తింది ఒక్కరే, మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. పోటీ కూడా ఒకటే, అడ్డంకులు దాటుతూ పరిగెత్తే 100 మీటర్ల హర్డిల్స్. ఎడమది 2022 ఏప్రిల్, కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. కుడిది 2023 జులై, బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్స్. కుడివైపు 13.09తో ఆమె ఆసియా ఛాంపియన్ అయింది. ఎడమవైపు 13.09 మాత్రం మన జాతీయ రికార్డు పట్టీలోకే ఎక్కలేదు. అప్పటికి ఉన్న రికార్డు 13.38. 2002లో అనురాధా బిస్వాల్ పెట్టింది, ఇరవై ఏళ్లుగా అలాగే ఉంది. దాని మీద 0.29 సెకన్లు తగ్గించినా చెల్లలేదు.

కారణం గాలి. ఆ రోజు వెనకనుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు. రూలు ఒప్పుకునేది 2.0 వరకే.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. గాలి ఎక్కువైతే పతకం పోతుందా? పోదు. గాలి అందరికీ ఒకటే కదా, గెలిచినవాళ్లు గెలిచినట్టే. పోయేది రికార్డు ఒక్కటే. ఎందుకంటే రికార్డులో మనం పోల్చేది పక్క లేన్‌లో ఉన్నవాళ్లతో కాదు, వేరే ఏడాదిలో, వేరే ఊళ్లో, వేరే గాలిలో పరిగెత్తినవాళ్లతో. దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ 2022 జులైలో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్స్. నైజీరియా అమ్మాయి టోబి అమూసన్ సెమీఫైనల్లో 12.12 పరిగెత్తింది, గాలి 0.9. అది ప్రపంచ రికార్డు. కాసేపటికే ఫైనల్లో ఇంకా తగ్గించి 12.06 పరిగెత్తింది, కానీ గాలి 2.5. స్వర్ణం వచ్చింది, రికార్డు మాత్రం 12.12 దగ్గరే ఆగింది.

ఇంతకీ ఆ గాలిని ఎలా కొలుస్తారు? విండ్ గేజ్‌ని ఒకటో లేన్ పక్కన, ఫినిష్ లైనుకు 50 మీటర్ల దూరంలో పెడతారు. ట్రాక్ అంచు నుంచి 2 మీటర్లు దాటకూడదు. ఎత్తు 1.22 మీటర్లు. లేన్ వెడల్పు కూడా అంతే కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక. మామూలు 100 మీటర్ల పరుగులో గన్ పేలినప్పటి నుంచి 10 సెకన్లు కొలుస్తారు, హర్డిల్స్‌లో 13 సెకన్లు. ఆ 13 సెకన్ల సగటే మీకు స్కోర్‌బోర్డు మీద కనిపించే అంకె. మధ్యలో ఒక్క క్షణం గాలి ఊపుగా వీచినంత మాత్రాన ఏమీ కాదు, సగటు లెక్క. గేజ్ కొలిచేది పరుగు దిశలో వీచే గాలినే. అడ్డగాలి ఎంత వీచినా లెక్కలోకి రాదు. అందుకే గేజ్‌ని ట్రాక్‌కి సమాంతరంగా సరిచూసి పెట్టాలి. కొంచెం పక్కకి తిరిగి ఉన్నా అంకె మారిపోతుంది. ఇంకో సంగతి, కొలిచేది ఒకటో లేన్ పక్కన. ఎనిమిదో లేన్‌లో గాలి ఎలా ఉందో ఆ మిషన్‌కి తెలియదు. ఇది పద్ధతిలో ఉన్న లోపమే, కానీ అందరికీ సమానంగా ఉన్న లోపం.

ఇక అసలు మెలిక. గేజ్ ఇచ్చిన అంకెను ఎప్పుడూ పైకే సవరిస్తారు. 2.03 వచ్చిందనుకోండి, మన బడి లెక్కల్లో అది 2.0. ఇక్కడ మాత్రం 2.1 అని రాస్తారు. ఎదురుగాలి అయితే మైనస్ 2.03ని మైనస్ 2.0 అని రాస్తారు, అదీ పైకి సవరించడమే. అంటే 2.00 మీద వెంట్రుకవాసి ఎక్కినా ఫలితాల షీటు మీద పడేది 2.1. కోజికోడ్‌లో షీటు మీద ఉన్నది సరిగ్గా ఆ 2.1.

టైముకీ ఇదే సూత్రం. ఫోటో ఫినిష్ కెమెరా సెకనులో వెయ్యో వంతు వరకు చదువుతుంది, తర్వాత పై వందో వంతుకు సవరిస్తారు. 12.781 వస్తే 12.78 కాదు, 12.79. రెండు చోట్లా అనుమానం వస్తే అథ్లెట్‌కి వ్యతిరేకంగానే లెక్క. కఠినంగా అనిపిస్తుంది గానీ రికార్డు విషయంలో అదే సరైన పద్ధతి. ఫోటో ఫినిష్‌లో చూసేది తల కాదు, చెయ్యి కాదు, మొండెం. ఛాతీ గీతను తాకిన క్షణమే టైము.

వెనకగాలి హర్డిలర్‌కి లాభమే అనుకుంటాం కదా. పూర్తిగా కాదు. ఈ లెక్క చూడండి. ఆడవాళ్ల పోటీలో పది హర్డిల్స్. స్టార్ట్ నుంచి మొదటి దానికి 13 మీటర్లు. ఒక్కో హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లు, అలాంటివి తొమ్మిది, మొత్తం 76.5. చివరి హర్డిల్ నుంచి ఫినిష్‌కి 10.5. కూడితే సరిగ్గా వంద. ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే మన డైనింగ్ టేబుల్ కంటే ఓ నాలుగు వేళ్లు ఎక్కువ. దాన్ని దూకరు, దాటతారు. హర్డిల్‌కి రెండు మీటర్ల ముందు కాలు ఎత్తుతారు, దాటాక ఓ మీటరు అవతల కాలు పెడతారు. అంటే 8.5లో మూడు మీటర్లు గాల్లోనే పోతుంది. మిగిలిన ఐదున్నర మీటర్లలో మూడు అడుగులు. నాలుగు కాదు, రెండు కాదు, మూడే. నాలుగేస్తే కాలు మారిపోతుంది, రెండో కాలుతో దాటాల్సి వస్తుంది.

ఇప్పుడు వెనకనుంచి గాలి తోస్తోంది. అడుగు తెలియకుండానే పొడవవుతుంది. రెండు మీటర్ల దూరంలో ఎత్తాల్సిన కాలు మీటరూ ముప్పావు దగ్గర ఎత్తుతారు. ముందు కాలు పూర్తిగా లేవకముందే హర్డిల్ వచ్చేస్తుంది, మడమో తొడో తగులుతుంది. ఒక్కో అడుగులో కొంచెం కొంచెంగా పోగై, ఇది ఎక్కువగా ఆరో హర్డిల్ దాటాక బయటపడుతుంది. అప్పటికి వేగం కూడా శిఖరం మీద ఉంటుంది కదా. అందుకే గాలి బాగా ఉన్న రోజున అడుగుల్ని కుదించుకోవడం తెలియాలి. ఎదురుగాలిలో దీనికి తలకిందులు. అడుగు చాలదు, చాపి చాపి అందుకోవాలి, హర్డిల్ మీద తేలిపోతారు, దిగేసరికి వేగం చచ్చిపోతుంది.

హర్డిల్ తగిలితే అనర్హతా అని చాలామంది అడుగుతారు. తగిలినా, పడినా తప్పు కాదు. కావాలని పడేస్తే, చేత్తో తోస్తే, లేదా వెనక కాలు హర్డిల్ పక్కనుంచి అడ్డకర్ర ఎత్తుకి కిందుగా వెళితే తప్పు. హర్డిల్ అసలు పడేలాగే తయారు చేస్తారు. అడ్డకర్ర పైఅంచు మధ్యలో 3.6 నుంచి 4 కిలోల బలం పడితే ముందుకు వాలిపోవాలి. దానికోసం కింది పాదాల్లో జరిపే బరువులుంటాయి, ఎత్తు మార్చినప్పుడల్లా వాటినీ జరపాలి. మగవాళ్ల పోటీ అయిపోయి 106.7 సెంటీమీటర్ల నుంచి 83.8కి దించి, బరువులు జరపడం మర్చిపోతే ఆ బలం లెక్క తప్పుతుంది. పాదాలు పరిగెత్తి వచ్చేవాళ్ల వైపు ఉండాలి. తిప్పి పెడితే హర్డిల్ పడదు, మనిషి పడతారు. ఎనిమిది లేన్లంటే ఎనభై హర్డిల్స్, ట్రాక్ మీద ఆడవాళ్ల గుర్తులు పసుపు, మగవాళ్ల 110 మీటర్ల గుర్తులు నీలం. ఒక్కటి తప్పు గుర్తు మీద ఉన్నా ఆ పరుగుకి రికార్డు అర్హత లేదు.

సరే, జ్యోతి దగ్గరికి వద్దాం. కోజికోడ్ మొదటి దెబ్బ కాదు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 13.03 పరిగెత్తింది. అదీ చెల్లలేదు. ఈసారి గాలి వల్ల కాదు. డోప్ టెస్ట్ జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. అంటే కాగితాలు లేవు. అథ్లెట్ చేతిలో లేని రెండు సంగతులు. రికార్డు బద్దలయ్యే అవకాశం ఉన్న అథ్లెట్ పట్టీలో ఉన్నప్పుడు ఈ రెండింటినీ నిర్వాహకులు ముందే చూసుకోవాలి, పరుగయ్యాక వెతుక్కుంటే దొరకవు.

చివరికి 2022 మేలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. గాలి సరిగ్గా ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, రికార్డు ఆమెదైంది. గమ్మత్తు చూశారా, ఈ మూడు పరుగుల్లో నెమ్మదిగా పరిగెత్తిందే చెల్లింది. అదే నెలలో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో 13.11, నెదర్లాండ్స్‌లోని వుగ్ట్‌లో 13.04. అక్టోబర్‌లో గుజరాత్‌లో నేషనల్ గేమ్స్, 12.79. పదమూడు లోపు! మళ్లీ గాలి, ఈసారి 2.5. అమూసన్ ఫైనల్లో ఉన్నంతే గాలి. రెండు వారాల్లోపే బెంగళూరు ఓపెన్ నేషనల్స్‌లో 12.82, గాలి 0.9. అది చెల్లింది. పదమూడు సెకన్ల గీత దాటిన మొదటి భారతీయ మహిళగా పుస్తకంలో ఉన్నది ఈ 12.82తోనే.

గాలి తర్వాత గన్. 2023 అక్టోబర్ 1, హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్. చైనా అమ్మాయి వూ యాన్నీ గన్ కంటే ముందే లేచింది, పక్క లేన్‌లో ఉన్న జ్యోతి ఆ కదలికకే కదిలింది. జ్యోతికీ అనర్హత అన్నారు. ఆమె ట్రాక్ వదలకుండా వాదించింది, రీప్లేలు చూశారు, చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. లిన్ యువే 12.74తో స్వర్ణం. రెండో స్థానంలో వూ. మూడో స్థానంలో 12.91తో జ్యోతి. ఆ తర్వాత వూని అనర్హురాలిగా ప్రకటించారు, జ్యోతి కంచు వెండి అయింది.

ఆమె వాదనలో బలం ఉంది. ఒకరు ముందు కదిలితే పక్కవాళ్లు వెంట కదలడం సహజం. రూలు ప్రకారం శిక్ష దానికి కారణమైనవాళ్లకే. ట్రాక్ మీద అథ్లెట్ చెయ్యాల్సింది కూడా ఆమె చేసిందే. అక్కడికక్కడే నోటితో అభ్యంతరం చెప్పాలి. బయటికి వెళ్లిపోయాక పరుగు తిరిగి రాదు. ఫలితం ప్రకటించాక అయితే 30 నిమిషాల్లోపు అభ్యంతరం, అది తోసిపుచ్చితే జ్యూరీకి 100 డాలర్ల డిపాజిట్‌తో రాతపూర్వక అప్పీలు. మన కోచ్‌లు ఈ గడువులు బట్టీ పట్టి ఉండాలి.

పెద్ద పోటీల్లో స్టార్టింగ్ బ్లాక్స్‌కి, అంటే పరుగు మొదట్లో పాదాలు ఆనించే దిమ్మలకి, సెన్సర్లు ఉంటాయి. గన్ పేలాక 0.100 సెకను లోపు ఒత్తిడి కనిపిస్తే తప్పుడు స్టార్టే. మనిషి శబ్దం విని అంతకంటే తొందరగా కదలలేడని ఆ అంచనా. యూజీన్‌లో అదే 2022లో 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో అమెరికన్ డెవన్ ఆలెన్ 0.099తో బయటికి పోయాడు. వెయ్యో వంతు. గన్ శబ్దం అందరికీ ఒకేసారి వినపడాలని ఒక్కో బ్లాక్ వెనక స్పీకర్ పెడతారు. పెట్టకపోతే ఒకటో లేన్ పక్కన గన్ పేలితే ఎనిమిదో లేన్‌కి చేరడానికి దాదాపు 0.025 సెకను పడుతుంది. జిల్లా పోటీల్లో స్పీకర్లు ఉండవు కాబట్టి స్టార్టర్ అన్ని లేన్లకీ దాదాపు సమాన దూరంలో నిలబడటం మేలు.

ఈ అంకెలన్నిట్లో మనసుని పట్టుకునేది ఇంకొకటుంది. 2023 ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో జ్యోతి 12.78 పరిగెత్తి కంచు తెచ్చుకుంది, జాతీయ రికార్డు. 2024 మేలో ఫిన్లాండ్‌లో మళ్లీ 12.78. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత టైము 12.77. చివరికి ర్యాంకింగ్ దారిలో వెళ్లింది, ఈ పోటీలో ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి భారతీయురాలైంది. 12.78 సెకన్లలో వంద మీటర్లంటే సెకనుకు సగటున 7.8 మీటర్లు. వందో వంతు సెకనుకి 7.8 సెంటీమీటర్లు. మీ అరచెయ్యి అడ్డంగా పెట్టి చూడండి. బెత్తెడు.