పిస్టనా, డయాఫ్రమా? స్కూబా రెగ్యులేటర్ కొనేముందు కడగడం గురించి ఆలోచించండి

నమస్తే అండి. ఈరోజు టేబుల్ మీద రెండు ఫస్ట్ స్టేజ్‌లు పెట్టాను. నీళ్లలో ట్యాంక్ గాలిని మనం పీల్చుకునేలా ఇచ్చే రెగ్యులేటర్‌లో, ట్యాంక్‌కి బిగించి గాలి ఒత్తిడి తగ్గించే భాగాలివి. రెండూ స్కూబాప్రో కంపెనీవే. ఒకటి ఎమ్‌కే25 ఈవో, పిస్టన్ రకం. రెండోది ఎమ్‌కే17 ఈవో, డయాఫ్రమ్ రకం, అంటే లోపల పిస్టన్ బదులు సాగే పొర ఉంటుంది. గాలి ఏది బాగా ఇస్తుందంటారా, మనం సరదాగా దిగే 18 మీటర్లు, 30 మీటర్ల లోతులో రెండూ హాయిగా ఇస్తాయి, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. నేను చూసేది ఒక్కటే: డైవ్ అయ్యాక కడగడానికి ఏది సులువు, కడగడంలో తేడా వస్తే ఏది ముందు దెబ్బతింటుంది.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఎమ్‌కే25 బాడీ చుట్టూ ఈ రంధ్రాలు కనిపిస్తున్నాయా? నీళ్లు వీటిలోంచి వెళ్లి లోపలి పిస్టన్‌నీ స్ప్రింగ్‌నీ తాకాలి, లోతును బట్టి గాలి ఒత్తిడి మారేది అలాగే. అంటే ప్రతి డైవ్‌లోనూ ఉప్పునీళ్లు లోపలికి వెళ్లినట్టే. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్లు ఆరిపోతాయి కానీ ఉప్పు ఎక్కడికీ పోదు, స్ప్రింగ్ చుట్టల మధ్యా, గాలి కారకుండా ఆపే ఓ-రింగ్ అనే రబ్బరు రింగు పక్కనా పేరుకుపోయి, పిస్టన్ కదిలినప్పుడల్లా ఓ-రింగ్‌ని గీకుతుంది. ఎమ్‌కే17లో ఆ స్ప్రింగ్ ఉండే చోటిని సీల్ చేసేశారు, లోపల పొడిగానే ఉంటుంది. అసలు ఈ సీల్ పెట్టింది చల్లటి నీళ్లలో లోపల మంచు కట్టకుండా. విశాఖలోనో అండమాన్‌లోని హేవ్‌లాక్‌లోనో మంచు గొడవ ఎక్కడుంది? అయితే ఉప్పు, ఇసుక ఉన్నాయి కదా, వాటినీ అదే ఆపుతుంది.

ఇక కడగడం. ట్యాంక్ నుంచి ఊడదీయకముందే, గాలి ఆన్‌లో ఉండగానే మంచినీళ్లతో కడగడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ట్యాంక్‌లో 50 బార్ ఒత్తిడి గాలి మిగుల్చుకునే పైకి వస్తాం కాబట్టి గాలికి కొదవ ఉండదు, లోపల ఒత్తిడి ఉన్నంతసేపు నీళ్లు హోస్‌లోకి, అంటే గాలి గొట్టంలోకి పోలేవు, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కినా భయం లేదు.

ఊడదీశాక మాత్రం పద్ధతి మారుతుంది. ముందు ఫస్ట్ స్టేజ్‌లో గాలి వచ్చే దారిని మూసే డస్ట్ క్యాప్ లోపలివైపు గుడ్డతో పొడిగా తుడిచి గట్టిగా బిగించండి. మీది డిన్ కనెక్షన్ (ట్యాంక్ వాల్వ్‌లోకి మరలా తిప్పి బిగించే రకం) అయితే ఆ క్యాప్ నీళ్లు ఆపే రకమా, ఉత్త దుమ్ము కోసం పెట్టిందా చూసుకోండి, ఎందుకంటే కొన్ని ఊరికే తగిలించే క్యాప్‌లు, వాటిని ముంచితే నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. సెకండ్ స్టేజ్‌కి గాలి ఎంత తేలిగ్గా రావాలో సర్దుకునే నాబ్ ఉంటే పూర్తిగా లోపలికి తిప్పండి. పర్జ్ బటన్ జోలికి వెళ్లకండి! అది నొక్కితే వాల్వ్ తెరుచుకుంటుంది, అడ్డుకోవడానికి గాలి లేదు, నీళ్లు హోస్ గుండా నేరుగా ఫస్ట్ స్టేజ్‌లోకి పోతాయి.

అలా పోతే ఏమవుతుందో ఇదిగో. క్యాప్ తీస్తే గాలి వచ్చే దారిలో ఈ చిన్న లోహపు ఫిల్టర్ ఉంటుంది. అది వెండిలా శుభ్రంగా ఉండాలి. అంచుల్లో ఆకుపచ్చగా తుప్పు కనిపించిందంటే ఎప్పుడో నీళ్లు పోయినట్టే. నాకు ఒకచోట అద్దెకిచ్చిన రెగ్యులేటర్‌లో ఈ ఫిల్టర్ మొత్తం ఆకుపచ్చగా ఉంది, వేరేది ఇవ్వమని అడిగి తీసుకున్నాను. మీరూ అద్దెకు తీసుకునేటప్పుడు చూడండి, ఐదు సెకన్ల పని.

ఎమ్‌కే25ని నీళ్లలో ఇలా ముంచి అలా తీస్తే చాలదు. అరగంటైనా నానాలి, తర్వాత కుళాయి కింద సన్నటి ధారతో ఆ రంధ్రాల్లోకి నీళ్లు పోనివ్వాలి. డైవ్ సెంటర్ తొట్టిని నమ్ముకోవద్దు, అందరి సామాన్లూ అందులోనే ముంచుతారు, నీళ్లు మార్చకపోతే మధ్యాహ్నానికి అవీ ఉప్పగానే ఉంటాయి. రూమ్‌కి వచ్చి బకెట్‌లో ఇంకోసారి నానబెట్టండి. ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. ఆరాక నాబ్‌ని బయటికి తిప్పి వదులు చేసి దాచండి, లేకపోతే లోపలి రబ్బరు సీటు మీద నొక్కుడు గుర్తు పడిపోతుంది. సిలికాన్ స్ప్రేలు కొట్టే పని అసలు పెట్టుకోకండి.

మరి ఏది కొనాలి? ఎమ్‌కే25ని నేను తీసిపారేయను. కదిలే భాగాలు తక్కువ, గాలి ధారాళంగా ఇస్తుంది, రోజూ బకెట్ దగ్గర ఓపిగ్గా కూర్చునే వాళ్లకి అది భేషుగ్గా ఉంటుంది. హైదరాబాద్ నుంచి అండమాన్ వెళ్లేవాళ్లకైతే ఇంకో వీలుంది: వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగమంటారు కదా, ఆ సమయంలో నానబెట్టడం, ఆరబెట్టడం రెండూ అయిపోతాయి. మురుడేశ్వర్ వెళ్లి, నేత్రాణి దగ్గర డైవ్ చేసి, అదే రాత్రి బస్సెక్కే వాళ్ల సంగతి వేరు. తడి సామాను బ్యాగులో కుక్కి, ఇంటికొచ్చేసరికి ఉప్పు గడ్డకట్టేస్తుంది. వాళ్లు ఎమ్‌కే17 తీసుకోండి. నా డబ్బులైనా దాని మీదే పెడతాను. అయితే ఆ సీల్ ఫస్ట్ స్టేజ్ ఒక్కదానికే. సెకండ్ స్టేజ్, ఆక్టో (అదనపు సెకండ్ స్టేజ్), బీసీడీ (గాలి నింపుకునే జాకెట్) ఇన్‌ఫ్లేటర్ బటన్, హోస్ ప్రొటెక్టర్ల కింద పేరుకునే ఉప్పు, ఏది కొన్నా ఇవన్నీ కడగాల్సిందే, కంపెనీ చెప్పిన గడువుకి సర్వీసింగ్ కూడా చేయించాల్సిందే.