ఉప్పు గాలి, కాఫీ పొడి

శ్రోతలకు నమస్కారం.

ఈపాటికి మీలో కొందరు స్టవ్ మీద పాలు పెట్టి ఉంటారు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను. ఇంట్లో కాఫీ కుదరాలంటే పాలు, నీళ్ళు, ఫిల్టరు, పొడి, అన్నీ కుదరాలి. నాకున్నవి ఐదు నిమిషాలే కాబట్టి పొడి గురించి మాత్రం చెబుతాను. అదీ మన విశాఖపట్నంలో, సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో ఉండే పొడి గురించి.

మా పుట్టిల్లు కర్నూలు. పెళ్ళయ్యాక లాసన్స్ బే కాలనీలో అద్దె ఇంట్లో దిగాం. అదే ఫిల్టరు, అదే కొలత, అయినా ఇక్కడ నా కాఫీ కుదిరేది కాదు. డికాక్షన్ పల్చగా దిగేది. రంగు ఉండేది, వాసన ఉండేది కాదు. పాలు మార్చాను. కుళాయి నీళ్ళు మానేసి టిన్ను నీళ్ళు పోశాను. కొత్త ఫిల్టరు కొన్నాను. ఆరు నెలలు అలాగే గడిచాయి.

మా కింది వాటాలో పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. బాబాయిగారూ అని పిలిచేదాన్ని. శ్రావణ మాసంలో ఒక సాయంత్రం పైకి వస్తే కాఫీ ఇచ్చాను. మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి, "పొడి డబ్బా ఒకసారి తే అమ్మా" అన్నారు. తెచ్చాను. నెల క్రితం కొన్న అరకిలో పొడి, మూత కాస్త వదులైన స్టీలు డబ్బా. చెంచాతో కదిపితే పొడిలో చిన్న చిన్న ఉండలు. "నీ ఉప్పు డబ్బా ఎలా ఉంది?" అని అడిగారు. ఉప్పు చెమర్చి గడ్డ కట్టి ఉంది.

"ఉప్పు చెమరుస్తే కంటికి కనిపిస్తుంది. కాఫీ పొడి చెమరుస్తే కనిపించదు, అంతే తేడా" అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. బాగా వేయించిన గింజలో తడి దాదాపు ఉండదు. దాన్ని పొడి చేస్తే చుట్టూ ఉన్న చెమ్మను పీల్చుకుంటుంది. వాసన గాలిలో కలిసిపోతుంది. ఉండలు కట్టిన పొడిలో వేడినీళ్ళు సమంగా దిగవు, సందు దొరికినచోట జారిపోతాయి. నా డికాక్షన్ పల్చబడింది అందుకే. చెమ్మ లేని కర్నూలు గాలిలో ఈ బాధ నాకు తెలియనే తెలియదు.

మర్నాడు పొద్దున్నే బాబాయిగారు 100 గ్రాముల పొడి తెచ్చారు. కొట్టువాడి చేత అప్పటికప్పుడు మర పట్టించిన పొడి, కాగితం పొట్లం ఇంకా గోరువెచ్చగా ఉంది. ఫిల్టరును పొడిగుడ్డతో తుడిచారు. మూడు నిండు చెంచాల పొడి వేసి, పొడి మీద పెట్టే చిల్లుల బిళ్ళ, అదే గొడుగు, దాన్ని పైనుంచి గట్టిగా అదమకుండా ఊరికే ఆనించారు. మరిగిన నీళ్ళను దించి అర నిమిషం ఆగారు. ముందు పొడి తడిసేంతవరకే కొంచెం పోశారు. తాజా పొడి కదా, మెల్లగా పొంగింది! అది సర్దుకున్నాక మిగతా నీళ్ళు పోసి మూత పెట్టారు. ఫిల్టరును తట్టలేదు, కదపలేదు. ఇరవై నిమిషాలు కూర్చుని పోర్టు కబుర్లు చెప్పారు. డికాక్షన్ దిగుతుంటే ఆ వాసన మెట్ల దాకా వెళ్ళింది. పాలు ఒక్క పొంగు రానిచ్చి కలిపారు. డికాక్షన్‌ను మాత్రం స్టవ్ మీద పెట్టనివ్వలేదు.

మనకు ఇక్కడ ఉన్న అదృష్టం కూడా చెప్పాలి. అరకు ఇక్కడికి సుమారు 115 కిలోమీటర్లే. కొండ మీద సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత దగ్గర్లో అంత మంచి గింజ పండుతుంటే, దాన్ని నెలల తరబడి డబ్బాలో పెట్టి చెమ్మకు అప్పగించడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. కొంచెం కొనండి. 100 గ్రాములు కొనండి, అయిపోయాక మళ్ళీ 100 గ్రాములు కొనండి. బిగుతు మూత ఉన్న చిన్న సీసాలో పోయండి. తడి చెంచా పెట్టకండి. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. చల్లటి సీసాను బయటికి తీసి మన ఊరి గాలిలో మూత తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. రోజూ తీసి వాడే పొడికి ఫ్రిజ్ వద్దు. స్టవ్ వేడి తగలని అలమరా చాలు.

ఇవాళ మీ డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని ఒకసారి వాసన చూడండి. వాసన కోసం వెతుక్కోవలసి వస్తే, రేపు పొద్దున్నే కొట్టుకు వెళ్ళండి.

సెలవు.