పాలమూరు డేరాలో ఒక వారం

శ్రోతలకు నమస్కారం.

సముద్రాలు దాటి పరాయి దేశంలో అడుగుపెట్టిన యువ క్రైస్తవ మిషనరీ వారం రోజులు ఎలా గడిపేవాడో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. వందేళ్ల కిందట ఆ పరాయి దేశం మన నల్లగొండ, మన పాలమూరే. దక్షిణ రష్యాలో జర్మన్ మాట్లాడే మెన్నొనైట్లు అనే ప్రొటెస్టంటు క్రైస్తవ శాఖవారి గ్రామాల నుంచి 1889లో బయలుదేరిన అబ్రహాం ఫ్రీజన్ దంపతులు మరుసటి ఏడు నల్లగొండలో స్థిరపడ్డారు. అమెరికాలోని మెన్నొనైట్ బ్రెథ్రెన్ సంఘం పంపిన తొలి మిషనరీలు 1899లో వచ్చారు. ఆ తరువాతి దశాబ్దాలలో నాగర్‌కర్నూలు, దేవరకొండ వంటి చోట్ల వారి బంగళాలు, బడులు, ప్రార్థన మందిరాలు వెలిశాయి. ఈ పూట నేను చెప్పబోయేది 1920ల నాటి అటువంటి ఒక యువకుడి వారం గురించి. ఇది ఏ ఒక్కరి దినచర్యా కాదు. ఆనాటి పర్యటనల తీరును బట్టి కూర్చినది.

ఇంట్లో జర్మన్ మాట్లాడుతూ పెరిగినవాడు ఇంగ్లీషులో వ్రాసిన వ్యాకరణం ముందు పెట్టుకుని తెలుగు నేర్చుకోవలసి వచ్చేది. భాష నేర్పే మున్షీ దగ్గర ఉదయం పూట పాఠం, ఆపైన మిషను పెట్టే పరీక్షలు. పరీక్ష గట్టెక్కినవాడు కూడా మాదిగవాడలో ఒక ముసలమ్మ గబగబా మాట్లాడితే తెల్లముఖం వేసేవాడు. అప్పుడు పక్కనున్న తెలుగు పంతులే, అంటే మిషను జీతం మీద బోధ చేసి చదువు చెప్పే స్థానిక క్రైస్తవుడే, దిక్కు. నా దృష్టిలో ఆ వారానికి అసలు ఇరుసు ఈ పంతులే.

ఎండలు ముదిరితే తెల్లవారు ఊటీ వంటి కొండలకు వెళ్లేవారు, వానలు పడితే బండ్లు బురదలో దిగబడేవి. అందుచేత ఊళ్లు తిరగడానికి వారికి అనుకూలమైనది చలికాలమే. కాని మన పల్లెలలో అది కోతల కాలం. వారు ఎవరికోసం వచ్చారో ఆ మాల, మాదిగ కుటుంబాలు తెల్లవారకముందే దొర పొలానికో, పటేలు కళ్లానికో వెళ్లిపోయేవి. కొన్నిసార్లు అది కూలి కూడా లేని వెట్టి. సోమవారం ఎద్దుబండ్ల మీద డేరా, మంచాలు, మందుల పెట్టె, వంటసామాను చేరవేసి, ఊరి బయట చింతతోపులో గుంజలు పాతిన యువకుడికి మంగళవారం ఉదయం వాడలో ముసలివారు, పసిపిల్లలు తప్ప ఎవరూ కనిపించేవారు కాదు. అతడు కాగితం మీద వేసుకున్న కార్యక్రమం అక్కడితో తలకిందులయ్యేది. ఇక అతని వారాన్ని నడిపింది మిషను కాదు, ఆ వాడ పనివేళలే.

కాబట్టి పగలు మందుల పెట్టె తెరుచుకునేది. చలిజ్వరానికి క్వినైన్, కళ్ల కలకలకు చుక్కలు, పుండ్లకు కట్లు ఉండేవి గాని, నారికురుపుకు మాత్రం అతని దగ్గరా మందు లేదు. దిగుడుబావి నీటితో ఒంట్లోకి చేరిన పురుగు ఏడాది తరువాత కాలి పుండులోంచి బయటపడితే, తెగిపోకుండా సన్నని పుల్లకు చుట్టి రోజుకింత లాగడం మనవారికి ముందునుంచీ తెలిసిన పనే. ఆ జబ్బు మన దేశంలో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించడానికి 2000 సంవత్సరం రావలసి వచ్చింది. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ తరువాతి కాలంలో శంషాబాదులో ఆసుపత్రి నడిపారు. కాని దేవరకొండ పల్లెల నుంచి రోగిని బండి మీద అంత దూరం చేర్చడం సామాన్యమైన పని కాదు.

అంగడి రోజున పంతులు, అతడు కలిసి సువార్త పుస్తకాలు చవకగా అమ్మేవారు. ఆడవారితో మాట్లాడటానికి బైబిలు స్త్రీ అనే స్థానిక బోధకురాలు వేరుగా ఇళ్లకు వెళ్లేది. పరాయి మగవాడు పోలేని గడపలవి. లెక్కలదీ ఒక తంటానే. అమెరికా నుంచి వచ్చిన డబ్బు బ్రిటిషు రూపాయలలో చేతికి అందితే, నిజాం రాజ్యంలో చెల్లింపులు అక్కడి సొంత నాణెమైన హాలీ సిక్కాలలో జరిగేవి. నూరు కల్దారు, అంటే బ్రిటిషు, రూపాయలకు సుమారు 116 హాలీ రూపాయలు. బండివాడి కిరాయి, పంతులు జీతం ఈ మార్పిడి చేసుకుంటూనే ఇవ్వాలి.

రాత్రి భోజనాలయ్యాకే అసలు సభ. పంతులు తాళాలు అందుకుని తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకుంటే వాడంతా వచ్చి కూర్చునేది. విదేశీయుడి ప్రసంగం కంటే ఆ పాటే జనాన్ని ఎక్కువగా కూర్చోబెట్టిందని నా అభిప్రాయం. మాయలాంతరుతో తెల్లగుడ్డ మీద బొమ్మలు చూపిన రాత్రి పెద్దకులాలవారు కూడా కొంచెం దూరంగా నిలబడి చూసేవారు.

ఆదివారం ఆరాధన, సిద్ధమైనవారు ఉంటే చెరువులో బాప్తిస్మం. ఊహ తెలిసి, తానై ఒప్పుకున్నవారికే బాప్తిస్మం ఇవ్వడం మెన్నొనైట్ల నియమం. ఆ రాత్రే అతడు ఇంటికి జర్మన్ భాషలో ఉత్తరం వ్రాసేవాడు. ఇటువంటి ఉత్తరాలు అక్కడి సంఘ పత్రికలో అచ్చయ్యేవి. ఊళ్ల పేర్లు, బాప్తిస్మాల లెక్క, దారి కష్టాలు వాటిలో వివరంగా ఉన్నంతగా పంతులు సంగతి ఉండేది కాదు. ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రను ఆ ఉత్తరాల మీదనే ఆధారపడి వ్రాస్తే సగమే వ్రాసినట్లు.

ఎందుకంటే సోమవారం డేరా విప్పి మరో ఊరికి కదిలేది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవారు ఆదివారం పనికి రామంటే దొర కోపానికి జవాబు చెప్పవలసినదీ, వారి పిల్లలకు రాత్రిపూట అక్షరాలు దిద్దించవలసినదీ ఆ ఊళ్లలో ఉండిపోయిన పంతుళ్లే.