“వయసు కదా” అని వదిలేసే జబ్బు

(పెన్షనర్ల దినోత్సవం రోజున రిటైర్డ్ ఉద్యోగుల సంఘం సభలో ఒక మానసిక వైద్యుడి ప్రసంగం)

అధ్యక్షుల వారికీ, వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా కూర్చున్న అమ్మలకూ అయ్యలకూ నమస్కారం.

డిసెంబరు 17 మీకు పండగ రోజు. పెన్షన్ అనేది సర్కారు దయ తలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు డీఏ బకాయిల గురించీ, పీఆర్సీ గురించీ, హెల్త్ కార్డు తీసుకోని ఆసుపత్రుల గురించీ గట్టిగా అడిగారు, చప్పట్లు కూడా బాగా పడ్డాయి. నాకు అన్ని పడవని తెలుసు. నేనెత్తుకోబోయే విషయం మీద ఈ సంఘం ఇంతవరకూ ఒక్క అర్జీ కూడా పెట్టి ఉండదు. అది డిప్రెషన్.

దేశమంతటా 45 ఏళ్లు నిండినవాళ్ల ఆరోగ్యం మీద 2017-18లో లాసి అని ఒక పెద్ద సర్వే జరిగింది. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ వాళ్లు 72 వేల మందికి పైగా మనుషుల్ని ఇళ్లకు వెళ్లి పలకరించారు. అరవై దాటినవాళ్లను లక్షణాలు అడిగి లెక్క కడితే, నూటికి 8.3 మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది. అదే జనాన్ని “మీకు ఈ జబ్బుందని ఎప్పుడైనా డాక్టరు చెప్పారా?” అని అడిగితే, అవునన్నవాళ్లు 0.8 శాతం. ఉన్నది పదిమందికైతే తెలిసింది ఒక్కరికన్నమాట. మిగతా తొమ్మిదిమంది ఏమనుకుంటున్నారు? గ్యాస్ అనుకుంటున్నారు, నరాల బలహీనత అనుకుంటున్నారు. ఇంట్లోవాళ్లు “డెబ్భై వచ్చాయి, ఇంకెలా ఉంటారు” అంటున్నారు.

ఆ తొమ్మిదిమందిలో ఒకాయన్ని మీకు చూపిస్తాను. ఊరూ పేరూ చెప్పను, గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన భార్య బట్టల షాపు సంచి నిండా రిపోర్టులు పెట్టుకుని వచ్చింది. ఎండోస్కోపీ, కడుపు స్కానింగు, ఈసీజీ, టూడీ ఎకో, అన్నీ నార్మల్. మాస్టారు చెప్పిన బాధలు ఇవి: కడుపులో మంట, నోరు చేదు, ముద్ద దిగదు, గుండె దడ, తెల్లవారుజామున మూడింటికే తెలివి వచ్చేస్తుంది. మనసు ఎలా ఉందని అడిగితే “నాకేం తక్కువండీ, పిల్లలు బంగారంలాంటి వాళ్లు” అన్నారు. దిగులుందా అంటే లేదన్నారు. నేను ఆవిడ వైపు తిరిగి, “మనవరాలు వీడియో కాల్ చేస్తే ఏం చేస్తారమ్మా?” అని అడిగాను. “ఇదివరకు ఆ పిల్లతో పద్యాలు చెప్పించేవారండీ. ఇప్పుడు ఫోను నా చేతికిచ్చేసి పక్క గదిలోకి వెళ్లిపోతున్నారు” అంది.

రోగం అక్కడ దొరికింది, ఎండోస్కోపీలో కాదు.

తెల్లవారుజామున మెలకువ వచ్చాక ఏం చేస్తారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఎప్పుడో ముప్ఫై ఏళ్ల కిందట హాజరు చాలలేదని ఒక కుర్రాణ్ణి పరీక్షకు కూర్చోనివ్వలేదట. వాడి బతుకు తన మూలంగానే పాడైందని పొద్దు పొడిచేదాకా అదే తలపోస్తారట. వాడు ఆ మరుసటి ఏడే పరీక్ష పాసై ఉద్యోగంలో చేరాడని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు. లేని నేరాన్ని నెత్తిన వేసుకుని కుమిలిపోవడం ఈ జబ్బులో చాలా తరచుగా చూస్తాం. సాయంత్రానికి కాస్త తేలికపడి, తెల్లారేసరికి మళ్లీ మొదటికి రావడం కూడా అంతే.

డిప్రెషన్ అనగానే మనకు ఏడుస్తూ కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. పెద్దవాళ్లలో చాలామంది ఏడవరు. చిరాకు పడతారు, నస పెడతారు, లేదంటే మాట తగ్గించేస్తారు. ఇష్టమైన వాటి మీద ఇష్టం పోవడం, నిద్ర, ఆకలి, ఓపిక తగ్గడం, ఎందుకూ పనికిరాననిపించడం, ఇవన్నీ రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉంటున్నాయంటే డాక్టరుకు చూపించాలి. తోడు పోయినప్పటి దుఃఖం వేరు. అది అలలా వచ్చి పోతుంది. పెద్దకర్మ రోజున కూడా పోయినావిడ గురించి ఒక పాత ముచ్చట చెప్పుకుని నవ్వగలుగుతారు. నెలలు గడిచినా ఆ నవ్వు రాకపోగా “నేనూ దండగే” అనే మాట మొదలైతే దాన్ని దుఃఖం కింద జమ కట్టకండి.

సరే, వదిలేస్తే ఏమవుతుంది? మీరందరూ లెక్కలు రాసినవాళ్లు, ట్రెజరీల్లో పనిచేసినవాళ్లు కాబట్టి నష్టం ఎక్కడెక్కడ పడుతుందో చెబుతాను.

ఇక్కడ సగం మందికి షుగరో బీపీయో ఉండే ఉంటుంది. డిప్రెషన్ ఉన్న మనిషికి షుగరు అదుపులోకి రావడం కష్టం. మాత్ర మరిచిపోతాడు, గుర్తొచ్చినా “ఎందుకులే” అనుకుంటాడు. వాకింగ్ మానేస్తాడు. పోనీ మాత్ర వేసుకుంటూ అన్నం మానేస్తే షుగరు పడిపోయి మరో ప్రమాదం. గుండెపోటు వచ్చినవాళ్లలో డిప్రెషన్ కూడా ఉంటే కోలుకోవడం మందగిస్తుంది, ప్రాణాపాయం పెరుగుతుంది. షుగరునీ డిప్రెషన్‌నీ కలిపి చూస్తే ఫలితం బాగుంటుందని మన విశాఖపట్నంతో పాటు చెన్నై, బెంగళూరు, ఢిల్లీ క్లినిక్కుల్లో 404 మంది మీద చేసిన అధ్యయనం చూపించింది. అది 2020లో అచ్చయింది. షుగరు డాక్టరు దగ్గరే మనసు సంగతి కూడా అడిగి, మధ్యమధ్యలో ఒక మనిషి పలకరిస్తూ మందులు సరిచూసేవారు. రెండేళ్లయ్యేసరికి అలా చూసినవాళ్లలో ఎక్కువమందికి డిప్రెషన్ తగ్గడంతో పాటు షుగరో, బీపీయో, కొలెస్ట్రాలో కూడా మెరుగుపడింది. అందుకని ఈసారి షుగరు డాక్టరు దగ్గర మూడు నెలల సగటు మాత్రమే చూపించి లేచి వచ్చేయకండి. నిద్ర లేదనీ, దేని మీదా ఆసక్తి లేదనీ నోరు తెరిచి చెప్పండి.

రెండో నష్టం జ్ఞాపకశక్తికి. తాళాలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు, పేర్లు తోచవు. ఇంట్లోవాళ్లు మతిమరుపు జబ్బు మొదలైందని తీర్మానించేస్తారు, అమెరికాలో ఉన్న కొడుకు రాత్రంతా నెట్‌లో అల్జీమర్స్ గురించి చదివి మరింత బెంబేలు పడతాడు. మరుపంతా అల్జీమర్స్ కాదు. డిప్రెషన్‌లో మెదడు దేని మీదా నిలబడదు, నిలబడనిది గుర్తుండదు. వైద్యం చేస్తే ఈ మరుపు చాలావరకు తగ్గుతుంది. తగ్గాక కూడా ఆ మనిషిని గమనిస్తూ ఉండాలి, ఎందుకంటే కొందరిలో డిప్రెషనే అసలు మతిమరుపు జబ్బుకు ముందస్తు సూచన అవుతుంది. ఏది ఏదో తేల్చాల్సింది డాక్టరు. వాట్సాప్ గ్రూపులో తేలేది కాదు.

ఇక అరమాత్ర సంగతి. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. నిద్ర పట్టట్లేదంటే మెడికల్ షాపులో అల్ప్రాజోలం అనే నిద్రమాత్ర ఇస్తారు, పక్కింటి పెద్దాయన కూడా తన స్ట్రిప్పులోంచి రెండు తుంచి ఇస్తాడు. మొదటి వారం హాయిగా నిద్రపడుతుంది. ఏడాది తిరిగేసరికి అది లేనిదే నిద్ర రాదు, డిప్రెషన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలి పడతారు. తుంటి ఎముక విరిగిన చాలా కేసుల వెనక ఇలాంటి నిద్రమాత్ర ఉంటుంది. తమాషా ఏమిటంటే, అలవాటు చేసే ఈ మాత్రను భయం లేకుండా మింగేవాళ్లే, అలవాటు చేయని డిప్రెషన్ మందు రాస్తే “పిచ్చి మందులు నాకెందుకండీ” అంటారు. అయితే ఏళ్ల తరబడి వేసుకుంటున్నవాళ్లు నా మాట విని ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

అన్నిటికంటే పెద్ద నష్టం ప్రాణం. పెద్దవాళ్లు బెదిరించరు, ఎవరికీ చెప్పరు. “నా పనైపోయింది”, “మీకు భారమైపోయాను” అని మామూలుగా అన్నట్టు అంటారు. ఉన్నట్టుండి ఇంటి కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకాలు అన్నీ సర్ది భార్యకు అప్పజెబుతారు. లాకర్ తాళం ఎక్కడుందో చూపిస్తారు. ముందుచూపు కొద్దీ కాగితాలు సర్దుకునేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ నెల రోజులుగా తిండీ నిద్రా లేని మనిషి ఆ పని చేస్తే ఉలిక్కిపడాల్సిందే. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగితే గుండె బరువు దిగి చెప్పుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులూ మోతాదుకు మించిన మాత్రలూ ఇంట్లో లేకుండా చూడండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందేమోనని కొందరు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అతనికి వైద్యం అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

మన దగ్గర అడ్డు పడేది జబ్బు కంటే పరువు. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న “ఎర్రగడ్డ” పేరునే మనం తిట్టు చేసి పెట్టుకున్నాం. మనవరాలి సంబంధాలకు ఇబ్బందని, తాతగారిని రాత్రి ఎనిమిది తర్వాత నా క్లినిక్‌కి వెనక గుమ్మంలోంచి తీసుకొచ్చిన కుటుంబాలున్నాయి. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో మరో రకం దాపరికం. ఇక్కడ అమ్మా నాన్నా “మేం బాగానే ఉన్నాం” అంటారు, అక్కడ వాళ్లూ అదే అంటారు. ఆదివారం పూట ఇరవై నిమిషాల కాల్‌లో ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకుంటారు.

వైద్యం గురించి భయపడాల్సింది తక్కువ. ముందు రక్తపరీక్షలు చేస్తాం. థైరాయిడ్ తక్కువైనా, బీ12 తగ్గినా, రక్తం తక్కువున్నా మనిషి ఇలాగే నీరసపడతాడు. అవి లేవని తేలితే సెర్ట్రాలిన్, ఎస్‌సిటాలోప్రామ్ లాంటి మాత్ర చిన్న మోతాదులో మొదలుపెడతాం. మొదటి వారం పది రోజులు వికారం ఉండొచ్చు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పెద్దవాళ్లలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఎక్కువమంది రెండో వారంలోనే “పనిచేయట్లేదు” అని మానేసి నన్ను తిట్టుకుంటారు. ఇంకొందరు బాగుందనిపించగానే మానేస్తారు, ఆరు నెలల్లో మళ్లీ వస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది వేసుకోవాలి. ఈ మందుతో రక్తంలో సోడియం పడిపోతుందేమో మధ్యలో చూస్తాం. తిండీ నీళ్లూ పూర్తిగా మానేసి మంచానికి అతుక్కుపోయిన మనిషికి ఈసీటీ, మీ భాషలో కరెంటు షాకు, అన్నిటికంటే తొందరగా పనిచేస్తుంది. సినిమాల్లో చూపించినట్టు మనిషిని పట్టుకుని అరిపించేది కాదు. మత్తు ఇవ్వకుండా చేయడాన్ని నేను చెప్పిన చట్టమే నిషేధించింది.

మందు ఒక్కటే చాలదు. గోవాలో అరవై దాటిన 181 మంది మీద ఒక ప్రయోగం చేశారు. డిప్రెషన్ ఇంకా రాలేదు కానీ లక్షణాలు తొంగి చూస్తున్నవాళ్లు వీళ్లు. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి సగం మంది దగ్గరకు పంపారు. వాళ్లు చేసిందేమీ బ్రహ్మవిద్య కాదు. సమస్యను విడగొట్టి ఒక్కొక్కటీ ఎలా తేల్చుకోవాలో మాట్లాడారు, నిద్ర అలవాట్లు సరిచేశారు, షుగరు చూసుకోవడం నేర్పారు, రావలసిన ప్రభుత్వ సాయానికి దారి చూపారు. ఏడాది తిరిగేసరికి మామూలు వైద్యం అందినవాళ్లలో 14 శాతం మంది జబ్బులో పడితే, ఇలా పలకరించినవాళ్లలో పడింది 4 శాతం. రావలసినవి రాబట్టుకోవడం, కాగితాలు నడిపించడం మీ సంఘానికి వెన్నతో పెట్టిన విద్య. ప్రతి నెలా మీటింగుకు వచ్చేవాళ్ల హాజరు రాస్తారు కదా, వరసగా రెండు నెలలు రానివాళ్ల ఇంటికి ఇద్దరు వెళ్లి కాఫీ తాగి రండి. లైఫ్ సర్టిఫికెట్ గడువు దగ్గర పడ్డప్పుడు మాత్రమే గుర్తు చేసుకోకుండా. ఇది నా విన్నపం, తీర్మానంగా రాసుకుంటే సంతోషం.

మాస్టారి సంగతి అడుగుతారని తెలుసు. రెండు నెలలకు ఆకలి వచ్చింది, మూడో నెలలో నిద్ర ఐదింటిదాకా పట్టింది. ఆ కుర్రాడి గొడవ మాత్రం ఇంకా అప్పుడప్పుడూ ఎత్తుతారు, ఇంతకుముందులా తెల్లవార్లూ కాదు. ఈలోపు వాళ్లావిడ బరువు తగ్గిపోయి, ఇప్పుడు ఆవిడ కూడా నా దగ్గర వైద్యం చేయించుకుంటోంది. రోగిని చూసుకునేవాళ్ల గురించి చెప్పడానికి ఈ రోజు టైం లేదు, వచ్చే మీటింగుకు పిలిస్తే అదే మాట్లాడతాను.

రెండు నంబర్లు రాసుకోండి. మనసు బాధలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. భోజనాలకు ఇంకా పావుగంట ఉందని అధ్యక్షుల వారు సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. పదిమందిలో అడగడం ఇబ్బందైతే పేరు లేకుండా చీటీ రాసి పంపండి, చదివి జవాబు చెబుతాను.