భర్త వదిలేసిన భార్య కథని నీనా గుప్తా ఎందుకు రాశారు?

[తెర మీద: నీనా గుప్తా ఫొటో. కింద "జులై 2017"]

నమస్తే. 2017 జులైలో హిందీ నటి నీనా గుప్తా ఇన్‌స్టాగ్రామ్‌లో తన ఫొటో ఒకటి పెట్టి, కింద చిన్న మాట రాశారు. ముంబైలోనే ఉంటున్నానని, పనిచేస్తున్నానని, మంచి నటినని, మంచి పాత్రల కోసం చూస్తున్నానని. అంతే. అప్పటికే ఆవిడకి రెండు జాతీయ అవార్డులు ఉన్నాయి. దూరదర్శన్ రోజుల నుంచి జనానికి తెలిసిన మొహం. అలాంటి మనిషి, అరవై దగ్గర పడుతున్న వయసులో, నలుగురి ముందూ పని అడిగారు.

ఈ పోస్టు మీద వీడియోలకి కొదవ లేదు. అన్నిట్లోనూ ధైర్యం, ధైర్యం అనే మాటే. కానీ ఆవిడ మొట్టమొదట రాసిందేంటో చూడండి: ముంబైలోనే ఉంటున్నాను. 2008లో ఢిల్లీకి చెందిన చార్టర్డ్ అకౌంటెంట్ వివేక్ మెహ్రాతో పెళ్లయ్యాక, "ఆవిడ ఢిల్లీ వెళ్లిపోయింది, ఇక నటించదట" అని ఇండస్ట్రీలో ఓ మాట పడిపోయింది. అలాంటి మాట ఒకసారి పడితే ఫోన్లు వాటంతటవే తగ్గిపోతాయి. ముందు ఆ అడ్రస్ సరిచేస్తే తప్ప పని రాదని ఆవిడకి బాగా తెలుసు.

ఈ వీడియోలో మాత్రం నేను ఎక్కువగా మాట్లాడబోయేది ఆ పోస్టుకి 19 ఏళ్ల ముందు ఆవిడ చేసిన ఒక సీరియల్ గురించి. దాని పేరు 'సాంస్', అంటే ఊపిరి. భర్త వదిలేసిన భార్య కథ. నా దృష్టిలో ఆవిడ జీవితాన్నీ పాత్రలనీ కలిపి అర్థం చేసుకోవాలంటే అక్కడే ఆగాలి. ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

[తెర మీద: 1980ల ముంబై, పృథ్వీ థియేటర్]

నీనా ఢిల్లీ అమ్మాయి. సంస్కృతం చదివారు. కూతురు ఐఏఎస్ అవ్వాలని తల్లి కోరిక. కూతురేమో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, అంటే ఎన్‌ఎస్‌డీలో చేరి, అది పూర్తిచేసుకుని ముంబై రైలెక్కింది. కొత్తలో పృథ్వీ థియేటర్ దగ్గరున్న కెఫేలో పనికి కుదిరారు. వంకాయ భర్తా చేసి పెడితే రాత్రి భోజనం ఉచితం. ఎన్‌ఎస్‌డీలో చదివి ఇక్కడ వంకాయలు కాల్చడమేంటని తెలిసినవాళ్లు మొహం చిట్లించారట. ఆవిడకి మాత్రం అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించలేదు. పని అడగడానికి మొహమాటపడని ఆ తత్వం 2017లో పుట్టుకొచ్చింది కాదన్నమాట.

సినిమాల్లో దారి అంత సాఫీగా లేదు. 1982లో వచ్చిన 'సాథ్ సాథ్'లో కాస్త తింగరిగా ఉండే కాలేజీ పిల్ల పాత్ర వేశారు. జనం నవ్వారు, పాత్ర హిట్టయింది. తీరా చూస్తే ఆ తర్వాత వచ్చినవన్నీ అలాంటి వేషాలే. 'గాంధీ', 'జానే భీ దో యారో' లాంటి పేరున్న సినిమాల్లోనూ ఉన్నారు. కానీ కథ తన చుట్టూ తిరిగే వేషం మాత్రం రాలేదు.

ఆ టైమ్‌లో ఆదుకున్నది టీవీ. 1985లో 'ఖాందాన్', 1986లో శ్యామ్ బెనెగల్ తీసిన 'యాత్రా', 1988లో గుల్జార్ 'మీర్జా గాలిబ్'. 'యాత్రా' కథ ఎక్కువగా, అప్పట్లో కన్యాకుమారి నుంచి జమ్మూ దాకా వెళ్లిన హిమసాగర్ ఎక్స్‌ప్రెస్‌లో నడుస్తుంది. మన విజయవాడ మీదుగా పోయే బండే అది. అప్పట్లో దూరదర్శన్ సీరియల్స్ వారానికి ఒక ఎపిసోడ్, ఇన్ని వారాలని ముందే లెక్క. కథకి మొదలూ చివరా ఉండేవి. తీసేవాళ్లలో చాలామంది థియేటర్ నుంచో, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నుంచో వచ్చినవాళ్లు. సినిమాలో ఆడదంటే హీరోయిన్, లేదంటే వ్యాంప్, లేదంటే అమ్మ. టీవీలో మాత్రం ఆఫీసుకెళ్లే మనిషి, విడిపోయిన మనిషి, ఏ కోవకీ చెందని మామూలు మనిషి, అందరికీ చోటు దొరికింది. ఆ చోటులోకే నీనా సరిగ్గా సరిపోయారు.

[తెర మీద: "1989"]

ఇక 1989. నీనా కూతురు మసాబా పుట్టిన సంవత్సరం. తండ్రి వెస్టిండీస్ క్రికెటర్ వివియన్ రిచర్డ్స్. అప్పటికే ఆయనకి పెళ్లయింది. ఈ కథ మీకు తెలిసే ఉంటుంది, దాన్ని మళ్లీ మసాలా వేసి చెప్పను. 2021లో వచ్చిన ఆత్మకథలో ఆవిడ చెప్పిన రెండు విషయాలు మాత్రం చెప్పాలి.

ఒకటి డబ్బు లెక్క. నెలలు నిండేసరికి బ్యాంకులో ఉన్నవి దాదాపు 2,000 రూపాయలు. మామూలు కాన్పయితే దాంతో గట్టెక్కొచ్చు. ఆపరేషన్ అయితే 10,000 అవుతుంది. ఆపరేషన్ తప్పదేమోనని డాక్టర్లు చెప్పాక ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోండి. సరిగ్గా కాన్పుకి కొద్ది రోజుల ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ రీఫండ్ 9,000 వచ్చి పడింది. తెర మీద అందరూ గుర్తుపట్టే నటి, ఆస్పత్రి బిల్లు కోసం రీఫండ్ మీద ఆధారపడాల్సి వచ్చింది! టీవీ పేరు తెచ్చిపెట్టేది గానీ, డబ్బు మాత్రం అంతంతే.

రెండోది సతీశ్ కౌశిక్ మాట. నటుడు, దర్శకుడు, ఢిల్లీ రోజుల నుంచీ స్నేహితుడు. "బిడ్డ నల్లగా పుడితే నా బిడ్డే అని చెప్పేద్దాం, పెళ్లి చేసేసుకుందాం, ఎవరికీ అనుమానం రాదు" అన్నాడాయన. నీనా వద్దన్నారు. ఆ మాటలో ఉన్న ఆప్యాయతని మాత్రం ముప్పయ్యేళ్ల తర్వాత కూడా మర్చిపోలేదు.

పాప పుట్టాక ఒక పత్రిక జనన ధ్రువపత్రం సంపాదించి అచ్చేసిందని ఆవిడే చెప్పారు. ఆ తర్వాత నీనా తండ్రి ఢిల్లీ నుంచి ముంబై వచ్చి తోడుగా ఉన్నారు. ఈవిడ షూటింగ్‌కి వెళ్తే పాపని చూసుకున్నది ఆయనే. ఒంటరిగా పెంచింది అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ ఇంట్లో ఒక తాతయ్య ఉన్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. పత్రికలు ఆవిడని "బోల్డ్", "స్ట్రాంగ్" అని రాయడం మొదలుపెట్టాయి. వినడానికి మెచ్చుకోలే. కానీ క్యాస్టింగ్ చేసేవాళ్లు ఆ మాటని చదివే తీరు వేరు. స్ట్రాంగ్ అంటే నెగెటివ్ పాత్రకి పనికొస్తుందని! తన నిజ జీవితం చూసే తనకి చెడ్డ ఆడవాళ్ల వేషాలు ఇచ్చారని నీనా చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. మన దగ్గరా అంతే కదా. విలన్ వేషం వేసిన ఆవిడని కూరగాయల మార్కెట్లో తిట్టిన కథలు మన టీవీ వాళ్లు ఎంతమంది చెప్పలేదు? ఇక్కడ అది తిరగబడింది, అంతే తేడా. వేషం చూసి మనిషిని తిట్టే బదులు, మనిషిని చూసి వేషం ఖాయం చేశారు.

[తెర మీద: "సాంస్, స్టార్ ప్లస్, 1998"]

ఎవరూ ఇవ్వని పాత్రని ఆవిడే రాసుకున్నారు. 'సాంస్'కి రచన నీనా, దర్శకత్వం నీనా, ప్రధాన పాత్ర ప్రియ కూడా నీనాయే. భర్త గౌతమ్‌గా కన్వల్‌జీత్ సింగ్. ఇద్దరు పిల్లలు, హాయిగా సాగిపోతున్న సంసారం. గౌతమ్ జీవితంలోకి మనీషా అనే ఇంకొక స్త్రీ వస్తుంది. ఆ పాత్ర కవితా కపూర్ వేశారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. దేశమంతా ఎవరిని "పెళ్లయిన మగవాడితో బిడ్డని కన్న మనిషి" అని చెప్పుకుందో, ఆ మనిషి చేతికి కలం దొరికినప్పుడు ఎవరి పక్షాన కథ రాసింది? భార్య పక్షాన. ఇంట్లో మిగిలిపోయిన ఆడదాని పక్షాన. తనని తాను సమర్థించుకోవడానికి ఆ సీరియల్‌ని వాడుకుని ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఆవిడ అలా చేయలేదు. పోనీ లోకానికి క్షమాపణ చెబుతున్నట్టు మనీషాని రాక్షసిని చేసిందా అంటే, అదీ లేదు. కళ్లు ఎగరేసి, ఉరుములు మెరుపుల మధ్య నవ్వే వ్యాంప్ ఆ సీరియల్‌లో కనపడదు. ముగ్గురూ మామూలు మనుషులే. ఎవరి బాధ వాళ్లకుంది.

ఎందుకు అలా రాశారు అన్నదానికి ఇది నా ఊహ మాత్రమే, ఆవిడ చెప్పిన మాట కాదు. ఆ త్రికోణంలో బయటివైపు నుంచున్నవాళ్లకి, లోపలివైపు ఏం జరుగుతుందో ఆలోచించడానికి చాలా ఖాళీ రాత్రులు దొరికి ఉంటాయి. అదే సమయంలో తెలుగులో మంజులా నాయుడు 'ఋతురాగాలు' తీస్తున్నారు. భాష వేరు, కథ వేరు. కానీ ఒక స్త్రీ దర్శకత్వం చేస్తే ఇంట్లో మనుషులు మాట్లాడుకునే తీరు తెర మీద ఎలా మారుతుందో ఆ సీరియల్ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

2000 జులైలో లెక్క మారిపోయింది. స్టార్ ప్లస్‌లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైంది, దాని వెంటే అత్తాకోడళ్ల డైలీ సీరియళ్లూ వచ్చాయి. వారానికి ఒక ఎపిసోడ్ రాసుకుని తీరిగ్గా తీసే పద్ధతికి కాలం చెల్లింది. రోజూ ఎపిసోడ్ కావాలంటే కథ ముగియకూడదు. కథ ముగియకూడదంటే ఎవరో ఒకరు కుట్ర పన్నుతూనే ఉండాలి. ప్రియ లాంటి పాత్రకి అందులో చోటెక్కడ? 2001లో నీనా 'కమ్‌జోర్ కడీ కౌన్' అనే క్విజ్ షో నడిపారు. ఓడిపోయినవాళ్లని ముక్కు మీద గుద్దినట్టు మాట్లాడి పంపేయాలి. దాంతో ఆ కఠినమైన ఇమేజ్‌కి ఇంకో పూత పడింది. తర్వాత చాలా ఏళ్లు చెప్పుకోదగ్గ పాత్రలు పెద్దగా రాలేదు.

[తెర మీద: "బధాయీ హో, 2018"]

2017లో పెట్టిన ఆ ఇన్‌స్టాగ్రామ్ పోస్టు చూసిన దర్శకుల్లో అనుభవ్ సిన్హా ఒకరు. 2018లో వచ్చిన 'ముల్క్'లో పాత్ర ఇచ్చారు. అదే ఏడాది 'బధాయీ హో'. రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక మధ్యతరగతి ఇల్లాలు, పెళ్లీడుకొచ్చిన కొడుకు ఉండగా గర్భవతి అవుతుంది. చుట్టాలు చెవులు కొరుక్కుంటారు, పిల్లలు తలెత్తుకోలేకపోతారు. పెళ్లింట్లో బంధువులందరూ ఆవిడని ఎత్తిపొడుస్తుంటే, అప్పటిదాకా సణుగుతున్న అత్తగారే, సురేఖా సీక్రీ వేసిన పాత్ర, కోడలి పక్షాన నిలబడి అందరికీ గడ్డి పెడుతుంది. ఆ సీన్‌లో నీనాకి డైలాగులు పెద్దగా లేవు. మొహం ఒక్కటే. కడుపుతో ఉన్నందుకు నలుగురి నోళ్లలో నానడం ఎలా ఉంటుందో ఆ మొహానికి ఎవరూ నేర్పక్కర్లేదు. సినిమా 100 కోట్లు దాటింది. ఆవిడకి ఫిల్మ్‌ఫేర్ క్రిటిక్స్ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఇంత జరిగాక ఆవిడ మనకి ఆదర్శ వనితలా మాట్లాడాలి కదా? మాట్లాడరు! 2020లో ఒక వీడియో పెట్టి, పెళ్లయిన మగవాడిని ప్రేమించకండి, నేను చేశాను, బాధపడ్డాను అని చెప్పారు. దిద్దుకునే అవకాశం ఉంటే పెళ్లి కాకుండా బిడ్డని కనేదాన్ని కాదనీ, పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ కావాలనీ అన్నారు. 2023లో "పనికిమాలిన ఫెమినిజం" అనే మాట వాడి విమర్శలు మూటగట్టుకున్నారు. ఆ మాట నాకూ నచ్చలేదు. కానీ ముప్పయ్యేళ్లుగా మనం ఆవిడ మెడలో వేసిన "బోల్డ్" అనే బోర్డు ఆవిడ కోరుకున్నది కాదని అది విన్నాక బాగా అర్థమైంది. కూతురి గురించి మాత్రం ఆ పశ్చాత్తాపంలో ఒక్క ముక్క ఉండదు. మసాబా ఫ్యాషన్ డిజైనర్ అయింది, 2020లో 'మసాబా మసాబా' సిరీస్‌లో తల్లీకూతుళ్లు తమ పాత్రలు తామే వేసుకున్నారు.

[తెర మీద: "పంచాయత్, 2020"]

అదే ఏడాది 'పంచాయత్' వెబ్ సిరీస్‌లో మంజూ దేవి. మహిళా రిజర్వేషన్‌లో గెలిచిన ప్రధాన్, అంటే సర్పంచి ఆవిడ, పెత్తనం మాత్రం భర్తది. సర్పంచి గారి భర్తే సర్పంచిగా చలామణి అయ్యే ఊళ్లు మనకేం కొత్త కాదు. మొదటి సీజన్ చివర్లో జెండా ఎగరేయాల్సి వచ్చి, మంజూ దేవి జాతీయ గీతం బట్టీ పట్టడం ఉంది చూడండి, కథలో ఆవిడ మొదటిసారి తన కుర్చీలో తాను కూర్చునేది అక్కడే. అరుపులు లేవు, తిరుగుబాటు లేదు. తర్వాతి సీజన్లలో ఆ మనిషి కొంచెం కొంచెంగా తన మాట తాను చెప్పడం నేర్చుకుంటుంది. 2025లో ఇదే కథ తెలుగులో 'సివరపల్లి'గా వచ్చింది, ఆ సర్పంచి పాత్ర రూపా లక్ష్మి చేశారు. రెండూ చూడనివాళ్లు ఏదో ఒకటి చూడండి. మధ్యలో 'ఊంచాయి' సినిమాకి నీనాకి జాతీయ ఉత్తమ సహాయ నటి అవార్డు వచ్చింది, 2024లో ప్రకటించారు.

చిన్నప్పుడు ఇంట్లో దూరదర్శన్‌లో 'ఖాందాన్' గానీ 'యాత్రా' గానీ చూసినవాళ్లు ఉంటే, ఏం గుర్తుందో కామెంట్లలో రాయండి. మా వయసు వాళ్లకి ఆ రోజుల గురించి చెప్పేవాళ్లు తక్కువ. వచ్చే వీడియోలో మంజులా నాయుడు గారి సీరియల్స్ గురించి మాట్లాడుకుందాం.