పది రూపాయల ఎండాకాలం: సమ్మర్ క్యాంప్ మీద స్టూడియో చర్చ

యాంకర్: నమస్తే అండీ అందరికీ. మార్చి 15న ఒంటిపూట బడులు మొదలైన దగ్గర్నుంచి ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, ఈసారి పిల్లల్ని ఏ క్యాంపులో వేస్తున్నారు, ఫీజు ఎంత, వ్యాన్ వస్తుందా అని. ఆ బ్రోషర్ల సంగతి పక్కన పెట్టేసి, అసలు వెళ్ళే పిల్లలకి అదేంటి అన్నది ఇవాళ మాట్లాడుకుందాం. మనతో ఒక ఖో-ఖో కోచ్ గారున్నారు, ఇరవై ఏళ్ళకి పైగా హైదరాబాద్‌లో సమ్మర్ క్యాంపుల్లో నేర్పిస్తున్నారు. చిన్నప్పుడు అంబర్‌పేటలో క్యాంపుకెళ్ళి ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న ఉన్నారు. కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ, వాళ్ళ పాప, ఎనిమిదిలోకి వెళ్తోంది, ఈసారి కోచ్ గారి క్యాంపులోనే ఖో-ఖో ఆడింది. పాప ఉంది కాబట్టి పేర్లు వద్దనుకున్నాం, వరసలతోనే కానిచ్చేద్దాం. కోచ్ గారూ, మీతో మొదలుపెడదాం సార్.

కోచ్: నమస్తే మేడం. జీహెచ్‌ఎంసీ, అంటె మన హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్, దాని క్యాంపు ఏప్రిల్ 25 నుంచి మే 31 దాక, 37 రోజులు. పొద్దున ఆరుంబావు కల్లా గ్రౌండ్ల ఉండాలె, ఎనిమిది దాటినంక ఆ ఎండకు పిల్లలు ఆగరు. ఆరేండ్ల నుంచి పదహారేండ్ల దాక ఎవ్వరొచ్చినా రానిస్తం. మొన్నమొన్నటి దాక చాన ఆటలకు ఫీజు పది రూపాయలే. గంత తక్కువ అంటె మనోళ్ళకు నమ్మకం కుదరది మేడం, గంతకు ఏం నేర్పుతరు తీ అంటరు.

యాంకర్: నవ్వుతున్నారు అమ్మగారు. మీరూ అలాగే అన్నారా?

అమ్మ: అన్నానండీ, ఎందుకు అబద్ధం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, మా చిన్నప్పుడు క్యాంపులేంటి, వేసవి వచ్చిందంటే అమ్మమ్మగారి ఊరు, మామిడి తోట, కాలవలో ఈత, అంతే. ఇక్కడ ఆ తోటా లేదు, అమ్మమ్మా లేదు. అందుకని పోయినేడు మా దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో వేశాం, ఆరున్నర వేలు కట్టి. మొదటి మూడు రోజులు డ్రాయింగ్, డాన్సు అన్నారు, నాలుగో రోజు నుంచి నెమ్మదిగా మ్యాథ్స్ ఫౌండేషన్ అని మొదలుపెట్టారు, చూస్తే పై క్లాసు పుస్తకం అండీ అది, సగం పాఠం అక్కడే అయిపోయింది. నాకేమో లోపల కొంచెం సంతోషమే, ముందే అయిపోతుందిగా అని. ఇది మాత్రం వారం తిరిగేసరికి పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలెట్టింది.

పాప: నిజంగా నొప్పే వచ్చింది.

అమ్మ: సరే, వచ్చింది.

యాంకర్: అన్నా, మీ రోజుల్లో ఎలా ఉండేది?

అన్న: నేను 2003లో వెళ్ళాను, అప్పటికి జీహెచ్‌ఎంసీ లేదు, పాత కార్పొరేషన్ ఎంసీహెచ్, 2007లో కదా మారింది. నన్ను ఎవరూ ప్రేమతో పంపలేదండీ, ఇంట్లో ఉంటే అల్లరి చేస్తున్నానని పంపారు. నేనేమో క్లాసులో లాస్ట్ బెంచ్, సెవెంత్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి, మా వీధిలో అందరికీ తెలుసు ఆ సంగతి, కిరాణా షాపు ఆయనకి కూడా తెలుసు. గ్రౌండ్‌కి వెళ్తే అక్కడ ఒక్కడికీ తెలీదు. నా మార్కులు ఎంతని ఎవరూ అడగలేదు, ఏ స్కూల్ అని కూడా అడగలేదు, ఎంత ఫాస్ట్‌గా ఉరుకుతావ్ రా అని అడిగారు, అంతే. నాకు అదే క్యాంపు అంటే. ఇప్పుడు ఆఫీసులో అప్రైజల్ టైంలో ఎందుకో ఆ గ్రౌండే గుర్తొస్తుంది నాకు, నవ్వకండి.

కోచ్: నవ్వుతలేం తమ్మీ. గదే అసలు సంగతి.

యాంకర్: కానీ కోచ్ గారూ, తల్లిదండ్రుల వైపు నుంచి అడుగుతున్నా, ముప్పై ఏడు రోజుల్లో ఏమొస్తుంది సార్? ఛాంపియన్లు అవుతారా? క్రికెటర్ మిథాలీ రాజ్ గారు కూడా సికింద్రాబాద్‌లో సెయింట్ జాన్స్‌లో అన్నతో పాటు కోచింగ్‌కి వెళ్ళే కదా మొదలుపెట్టింది, పొద్దున్నే లేవట్లేదని వాళ్ళ నాన్న పంపారంటారు...

కోచ్: మేడం, ఆ ముచ్చట నాకు ఏటా మే నెలల వంద మంది చెప్తరు. మంచి ముచ్చటే, కాదంటలే. కని ఏమైతది అంటె, పిల్లని తీస్కొచ్చిన మూడో రోజే తండ్రి గేటు కాడ నిలబడి సార్ మా పాపకు ఫ్యూచర్ ఉందా అంటడు. ఏం ఫ్యూచర్ సార్, దానికింక లేసు కట్టుకునుడు రాదు! 37 రోజులల్ల ఆటగాడు తయారు కాడు. పోరలు పొద్దుగాల లేస్తరు, పడితె మట్టి దులుపుకొని లేస్తరు, ఓడిపోతె ఏడ్వకుండ, ఆఁ కాదు, ఏడ్చి మల్ల తెల్లారి వస్తరు. గంతే వస్తది. గది సాలు నాకు.

యాంకర్: ఖో-ఖోనే ఎందుకు సార్? ఇప్పుడు అందరూ స్కేటింగ్, షటిల్ అంటున్నారు.

కోచ్: స్కేటింగ్‌కు స్కేట్లు గావాలె, షటిల్‌కు రాకెట్. ఖో-ఖోకు రెండు కట్టెలు పాతి సున్నంతోని గీతలు గీస్తె అయిపాయె. ఎనిమిది మంది వరుసగ కూసుంటరు, ఒకడు ఇటు మొఖం, పక్కోడు అటు మొఖం. తొమ్మిదో ఆయన ఉరికేటోడు. ఆయన ఎన్కకు మర్లొద్దు, నడుమ గీత దాటొద్దు. అలసిపోయినా, అవుతలోడు గీత అవుతలికి పోయినా, కూసున్నోని వీపు మీద చెయ్యి వేసి ఖో అని ఒర్లాలె, వాడు లేస్తడు, ఈయన ఆ జాగల కూసుంటడు. కూసున్నోనికి ఎన్క ఏమైతుందో కనవడది మేడం. చెవులే. ఎప్పుడు చెయ్యి పడ్తదో అని ఒక కాలు గట్టిగ ఆనించి కూసోవాలె. 2025 జనవరిల ఢిల్లీల మొదటి వరల్డ్ కప్ అయితె మగోళ్ళు, ఆడోళ్ళు రెండు ఫైనళ్ళల్ల నేపాల్ మీద మనమే గెలిచినం, అప్పట్నుంచి జర అడుగుతున్నరు. అంతకు ముందు 2022ల అల్టిమేట్ ఖో-ఖో లీగ్ ఫైనల్ల మన తెలుగు యోధాస్ టీం ఒక్క పాయింట్‌తోని ఓడినప్పుడు మా పిల్లలు టీవీ ముంగట ఏడ్చిండ్రు, నేను గూడ, చెప్పొద్దు గని.

యాంకర్: పాపా, ఒకసారి ఎలా అంటారో అను, ఖో అని.

పాప: ఇక్కడా?

యాంకర్: ఇక్కడే, మైకులోనే.

పాప: ఖో!

(స్టూడియోలో నవ్వులు. ఆడియో అబ్బాయి హెడ్‌ఫోన్స్ తీసేశాడు.)

అమ్మ: ఇంట్లో నోట్లోంచి మాట రాదండీ దీనికి. చుట్టాలొస్తే గదిలోకి వెళ్ళిపోతుంది.

యాంకర్: ఒక ఫోన్ కాల్ ఉంది, డాలస్ నుంచి. చెప్పండి అక్కా.

కాలర్: హాయ్ అండీ. ఇక్కడ క్యాంపులు వేరే రకం. మా వాడిని రెండు వారాలు ఓవర్‌నైట్ క్యాంపుకి పంపాం, చెరువు పక్కన క్యాబిన్లు, ఫోన్ తీసేసుకుంటారు, ఇంటికి ఉత్తరాలే రాయాలి, చేత్తో. నేను రోజూ పోస్ట్ బాక్స్ దగ్గరే. పది రోజులకి ఒకటొచ్చింది, మూడు లైన్లు, బాగున్నాను, కెనూ నడిపాను, పచ్చడి పంపకు అందరూ వాసన అంటున్నారు అని. అంతే అండీ, మిస్ యూ అని కూడా లేదు. నేను ఏడ్చాను, మా ఆయన ఫ్రిజ్‌కి అంటించాడు ఆ లెటర్‌ని. తిరిగొచ్చాక వాడు ఆ రెండు వారాల గురించి సరిగ్గా ఏమీ చెప్పడు, అడిగితే నీకు అర్థం కాదమ్మా అంటాడు.

అన్న: అక్కా, అది కరెక్టే. చెప్పలేం. నేనూ మా అమ్మకి ఏం చెప్పలేదు.

యాంకర్: థాంక్యూ అక్కా. మరి పాప చెప్తుందేమో చూద్దాం. ఈసారి క్యాంపు ఎలా ఉంది అమ్మలూ, మొదటి రోజు నుంచి చెప్పు.

పాప: ఫస్ట్ అయితే బాలేదు. నాకు ఎవరూ తెలీదు. నేను వరుసలో కూర్చునేదాన్ని కానీ నాకు ఎవరూ ఖో ఇచ్చేవాళ్ళు కాదు, ఎందుకంటే నేను స్లో, నాకిస్తే అవుట్ చెయ్యలేను కదా, అందుకని నన్ను వదిలేసి పక్కనున్న వాళ్ళకి ఇచ్చేవాళ్ళు. నేను అలాగే కూర్చుని లేచి ఇంటికొచ్చేసేదాన్ని. పది రోజులు.

అమ్మ: పది రోజులా? నాకు చెప్పలేదే నువ్వు? రోజూ బాగుంది బాగుంది అన్నావుగా.

పాప: చెప్తే మళ్ళీ ఆ మ్యాథ్స్ క్యాంపుకి పంపిస్తావని.

(అమ్మ ఏమీ మాట్లాడలేదు.)

కోచ్: నాది తప్పే బిడ్డా అది. డెబ్బై మందిల నా కంట్ల వడలే. చూస్కోవాలె నేను.

యాంకర్: తర్వాత ఏమైంది?

పాప: ఒకమ్మాయి ఉంది, నా కంటే చిన్నది, చాలా ఫాస్ట్. ఒకరోజు తను ఉరుకుతూ వచ్చి నా వీపు మీద గట్టిగా కొట్టి ఖో అంది. నేననుకోలేదు, నేను లేవడమే లేట్ అయ్యింది, అందరూ అరిచారు. ఎవర్నీ పట్టుకోలేదు నేను. కానీ తను మళ్ళీ ఇచ్చింది. ప్రతిసారీ నాకే ఇచ్చేది, వాళ్ళు తిట్టినా. తర్వాత వాళ్ళక్క నోట్‌బుక్‌లో నాకు డైవ్ ఎలా కొట్టాలో బొమ్మ గీసి చూపించింది. లాస్ట్ రోజు ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో ఇద్దర్ని అవుట్ చేశాను.

అన్న: సూపర్ రా! ఇద్దరు అంటే మామూలు విషయం కాదు.

యాంకర్: ఇప్పుడు ఆ ఫ్రెండ్‌తో మాట్లాడుతున్నావా?

పాప: లేదు. మే 31న సర్టిఫికెట్లు ఇచ్చేశారు, అందరూ వెళ్ళిపోయారు. తనకి ఫోన్ లేదు. నాకూ లేదు.

అన్న: ఇది ఉంటుందండీ. నాకు అంబర్‌పేటలో ముగ్గురు ప్రాణస్నేహితులు, ఇంటి పేర్లు కూడా తెలీవు, ఫేస్‌బుక్‌లో ఏమని వెతకాలి? జూన్‌లో బడి తెరిచేసరికి మళ్ళీ లాస్ట్ బెంచ్ కుర్రాడినే నేను.

కోచ్: 2020, 21ల రెండు ఎండాకాలాలు లాక్‌డౌన్ల పోయినయ్ కద, అప్పుడు ఒక పోరడు వాళ్ళ నాయిన ఫోన్ తీస్కొని చేసిండు, సార్ డాబా మీద మేం నలుగురమే ఉన్నం, నలుగురితోని ఖో-ఖో ఎట్ల ఆడాలె అని. నాకు జవాబు రాలే. ఉరుకుండ్రి, గోడకు తల్గకుండ, అన్న.

యాంకర్: పాపా, ఆ అమ్మాయి ఎక్కడుంటుందో ఏమైనా చెప్పిందా? చూసేవాళ్ళలో ఎవరికైనా తెలిస్తే...

పాప: ఎక్కడుంటుందో తెలీదు. వాళ్ళ నాన్న ఇస్త్రీ బండి పెడతాడంట, వేపచెట్టు కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, అక్కడికి సాయంత్రం వెళ్తాను అంది.

అమ్మ: ట్రాన్స్‌ఫార్మర్ పక్కనా? మన సందు చివరదా?

పాప: ఏమో.

అమ్మ: మన బట్టలు ఇచ్చేది అక్కడేగానే. ఒక పిల్ల ఉంటుంది, మూట తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్తుంది, సన్నగా... రెండు జడలు?

పాప: ఆఁ, రెండు జడలు.

అమ్మ: (యాంకర్ వైపు తిరిగి) రెండేళ్ళుగా వస్తోందండీ ఆ పిల్ల మా ఇంటికి. నేను డబ్బులిచ్చి తలుపేసేస్తాను.

యాంకర్: టైం అయిపోయిందంటున్నారు... అమ్మగారూ, ఇస్త్రీకి బట్టలు ఆదివారం వేస్తారా మీరు?

అమ్మ: శనివారం.

పాప: నేను ఇస్తాను అమ్మా ఈసారి. నేను తలుపు తీస్తాను.